ముప్పై నాలుగు పనిముట్లు, ఒక విమానం

ఆ రోజు పొద్దున మేడ మీద మొక్కలకు నీళ్లు పోస్తుంటే పక్కింటి దండెం మీద ఒక లుంగీ కనిపించింది. నాలుగు క్లిప్పులు, సమాన దూరంలో, నాలుగూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. లుంగీ మంచుకు తడిసి బరువుగా వేలాడుతోంది. నేను మగ్గు పట్టుకుని అలాగే నిలబడ్డాను. పక్కింటి తాతగారు పొద్దు గూకేలోపే ఆరిన బట్టలు తీసేసేవారు. క్లిప్పులు లెక్కపెట్టి డబ్బాలో వేసి మూత పెట్టేవారు. మేము శామీర్‌పేట దగ్గరి ఈ కాలనీకి వచ్చిన ఎనిమిదేళ్లలో ఆయన బట్ట ఒక్కటి కూడా రాత్రి బయట ఉండిపోవడం నేను చూడలేదు.

కిందికి దిగేసరికి మా గేటు దగ్గర ఆయన భార్య నిలబడి ఉంది. నేను ఆమెను అవ్వ అంటాను. ఏడుపు లేదు. కొంగు తలమీదుగా సరిగ్గా కప్పుకుని ఉంది.

"మీ తాత లేస్తలేడు బిడ్డా," అంది. "చాయ్ వెట్టి పిలిచిన. చెయ్యి పట్టుకుంటే సల్లగున్నది."

మర్నాడు కాలనీ గేటుకు ఫ్లెక్సీ కట్టారు. ఆయన ఫొటో పక్కన నిప్పులు కక్కుతూ పైకి లేస్తున్న యుద్ధవిమానం. ఎవరో ఫోన్లో వెతికి పెట్టించారు. అలాంటి విమానాన్ని ఆయన జన్మలో ముట్టుకోలేదు. ఆయన పైలట్ కాదు. వైమానిక దళంలో ఫిట్టరు. కొత్తవాళ్లు ఎగరడం నేర్చుకునే చిన్న విమానాల రెక్కలు, తోకలు, రేకులు బాగుచేయడం ఆయన పని. కాలనీ అంతా సార్జెంట్ గారు అని పిలిచేది. వెనకాల 'తుక్కు సార్జెంట్' అనేది. ఫ్లెక్సీ మీద 'మా కాలనీకి గర్వకారణం' అని ఉంది. ఆ మాట రాయించింది మా నాన్న. నాన్న కాలనీ అసోసియేషన్ కార్యదర్శి. కిందటి వానాకాలంలో అదే అసోసియేషన్ కాగితం మీద 'నివాసులకు ఇబ్బందికరమైన ఇనుప సామాను' అని రాసి ఆయనకు పంపింది కూడా నాన్నే.

ఆ ఇనుప సామాను గురించి చెప్పకుండా తాతగారి గురించి చెప్పలేను.

మూడేళ్ల కిందట ఆయన నీళ్ల పంపుకు ఒక పాత భాగం వెతుక్కుంటూ జీడిమెట్లలో తుక్కు దుకాణానికి వెళ్లారు. అక్కడ బాయిలరు డ్రమ్ముల మధ్య ఒక రెండు సీట్ల శిక్షణ విమానం పడి ఉంది. రెక్కలు విప్పి పక్కన పడేశారు. పసుపు రంగు వెలిసి పాత చీర రంగుకు వచ్చింది. కాక్‌పిట్‌లో గడియారాల్లాంటివన్నీ ఎవరో పీక్కుపోగా గుండ్రటి కన్నాలు మిగిలాయి.

"నేను దాని మొఖం జూడలే బిడ్డా, కడుపు జూసిన," అని ఆయన ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

పొట్ట కింద అరచేయంత ఒక రేకు అతుకు ఉంది. దాని చుట్టూ పదకొండు రివెట్లు. ఏడోది కొంచెం వంకర. ఇరవై రెండేళ్ల వయసులో, మిట్టమధ్యాహ్నం ఎండలో, పై అధికారి తిడుతుంటే తాను కొట్టిన రివెట్లు అవి. "రాత జూసి మనిషిని గుర్తువడ్తం గదా, గట్లనే. గా ఏడోది నాదే. గప్పుడు నాకు జెరమొచ్చింది. చెయ్యి వణికింది."

దుకాణంవాడు మర్నాడు దాన్ని కోసేస్తానన్నాడట. తాతగారు పంపు సంగతి మరిచిపోయారు. మేడ మీద గది వేయడానికి దాచిన డబ్బు తీసుకుని ఆ సాయంత్రమే మళ్లీ జీడిమెట్ల వెళ్లారు. అవ్వకు చెప్పలేదు. అవ్వకు తెలిసింది ట్రాలీ లారీ ఇంటిముందు ఆగినప్పుడే. నేను మా మెట్ల మీద పుస్తకం పట్టుకుని కూర్చుని అంతా చూశాను.

"ఇంటి మీద గది ఏస్తనంటివి. ఏది గది?" అంది అవ్వ.

"రెండు సీట్లున్నయ్. ఎన్క సీట్ల నువ్వు కూసో."

"నా అత్త బతికుంటే చెంపలు వాయగొట్టేది నిన్ను. డెబ్బై ఏండ్లకు బొమ్మ కొనుక్కొచ్చిండు, సిగ్గులేదు."

తిడుతూనే లోపలికి వెళ్లి కొబ్బరికాయ తెచ్చింది. కొత్త బండికి చేసినట్టే పసుపు రాసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ముందు చక్రానికి గాలి లేదు. ఎంత తోసినా ఆ నిమ్మకాయ నలగలేదు. తాతగారు వంగి దాన్ని తీసి జేబులో వేసుకున్నారు.

ఇంటి పక్కన ఆయనదే ఖాళీ స్థలం ఉంది. విమానం అక్కడ నిలిచింది. మొదటి నెల కాలనీ అంతా వచ్చింది. పుట్టినరోజు పిల్లల్ని కాక్‌పిట్‌లో కూర్చోబెట్టి ఫొటోలు తీసుకున్నారు. పెళ్లికుదిరిన ఒక జంట రెక్క మీద కూర్చుంది. ఆ ఫొటోలు అందరి ఫోన్లలో ఇంకా ఉన్నాయి. తర్వాత దాని కింద పాములు చేరుతున్నాయని, కాలనీ అందం పోతోందని, ఇళ్లు కొనడానికి వచ్చేవాళ్లు చూసి వెనక్కి పోతున్నారని ఒక కాగితం తిరిగింది. ఆ ఫొటోల్లో ఉన్నవాళ్లే దాని మీద సంతకాలు పెట్టారు.

నేను మనుషులతో చొరవగా మాట్లాడలేను. కాన్వెంటులో స్టేజీ ఎక్కమంటే నాకు నిజంగానే ఒళ్లు కాలిపోయేది. ఇప్పుడు మేడ్చల్‌లో ఒక స్కూలు లైబ్రరీలో పనిచేస్తున్నాను. అక్కడ కూడా పుస్తకాలకు అట్టలు వేసే పనే నాకు ఇష్టం. తాతగారు నన్ను పిలిచింది నా ఇంగ్లీషు కోసం. ఆ విమానం మరమ్మతు పుస్తకం ఆయన ఎక్కడో సంపాదించారు. జెరాక్స్ ప్రతి, చీమల్లాంటి అక్షరాలు. ఆయన కళ్లలో శుక్లాలు. ఆపరేషన్ చేయించుకోమంటే "ఇంజిన్ తిరిగినంక," అనేవారు.

"కాన్వెంటు బిడ్డవు గదా, గిది జర సదివి పెట్టు," అన్నారు ఒకరోజు గోడ మీదుగా.

అప్పటినుంచి సాయంత్రం ఐదింటికి నేను విమానం పక్కన ఆయన వేసుకున్న రేకుల షెడ్డులో స్టూలు మీద కూర్చుని చదివేదాన్ని. ఆయన పని చేసేవారు. మొదట్లో నా గొంతు నాకే వినిపించేది కాదు. "గట్టిగ సదువు బిడ్డా," అనేవారు. "నాకు కాదు, ఇంజిన్‌కు వినవడాలె." హకీంపేట వైమానిక స్థావరం వైపు నుంచి విమానం వస్తే వేలు పైకెత్తేవారు. అది దాటిపోయేదాకా నేను ఆగాలి. తర్వాత వేలు దించేవారు. ఆగిన చోటినుంచే చదవాలి, మళ్లీ మొదటినుంచి కాదు. నా గొంతు లేచింది అక్కడే. ఇవాళ లైబ్రరీలో నలభైమంది పిల్లల ముందు నిలబడి కథ చదవగలుగుతున్నానంటే అది ఆయన చలవ.

నా పుస్తకం ఒకటి ఎప్పుడూ నా వెంట ఉండేది. ఆయన రేకు రుద్దుతున్నంతసేపూ నాది నేను చదువుకునేదాన్ని. చేతికి ఏది దొరికితే అది పేజీలో పెట్టి మూయడం నా అలవాటు. "బస్ టికెట్లు, ఏపాకులు, చాక్లెట్ కాయితాలు," అని నవ్వేవారు. "నీ పుస్తకం దులిపితే కిరాణ దుకాణం వెట్టొచ్చు."

షెడ్డు గోడకు ఆకుపచ్చ రంగు వేసిన పెద్ద చెక్క పలక ఉండేది. దాని మీద ముప్పై నాలుగు ఆకారాలు ఎర్ర రంగుతో గీసి ఉండేవి. ప్రతి పానాకు, స్క్రూడ్రైవరుకు, సుత్తికి దాని నీడలాంటి ఒక గుర్తు. ఏదైనా తీస్తే, తీసినవాళ్ల బిళ్ల అక్కడ మేకుకు తగిలించాలి. అల్యూమినియం రేకు కోసి ఆయన రెండు బిళ్లలు చేశారు. ఒకటో నంబరు ఆయనది, రెండోది నాది. పని అయ్యాక పలక ముందు నిలబడి గుర్తులన్నీ నిండాయో లేదో చూసేవారు. నిండకపోతే ఆ రోజు ఏ మూతా బిగించేవారు కాదు.

"చేతిల వున్నది లెక్క గాదు బిడ్డా, గోడకు వున్నదే లెక్క," అనేవారు.

ఎందుకింత పట్టింపు అని నేను అడగలేదు. ఒకరోజు ఆయనే చెప్పారు. వయసులో ఉండగా, ఏ ఊళ్లోనో చెప్పలేదు, ఒక విమానం తోకలో స్క్రూడ్రైవరు ఉండిపోయింది. గాల్లో విమానాన్ని తిప్పే స్టిక్ ఇరుక్కుంది. ఎగరడం నేర్చుకుంటున్నతను ప్రాణంతో దిగాడు కాని మళ్లీ తన కాళ్ల మీద నడవలేదు. పనిముట్లన్నీ సరిపోయాయని ఆ రోజు సంతకం చేసింది తాతగారే.

"గోడ జూడలే. పెట్టెల వున్నయి జూసి సంతకం జేసిన," అన్నారు. చెబుతున్నంతసేపూ చేతిలోని గుడ్డతో శుభ్రంగా ఉన్న పానానే తుడుస్తున్నారు.

ఆయన కోరిక పెద్దదేమీ కాదు. ఎగరాలని లేదు. ఇంజిన్ ఒక్కసారి తిరగాలి, ముందరి పంకా తిరగాలి, ఆ చప్పుడు వినాలి. "యాభై ఏండ్లయింది దాని గొంతు వినక. ఒక్కసారి వింటే సాలు. ఎన్కనుంచి మీరు ఏమన్న జేసుకోండ్రి." బిగుసుకుపోయిన ఇంజిన్ని విప్పి, అరిగిన భాగాలు జీడిమెట్ల లేతు మిషన్ల దగ్గర చేయించి మళ్లీ బిగించి, రెక్కలు తగిలించడానికి రెండేళ్లకు పైగా పట్టింది.

అసోసియేషన్ నోటీసు వచ్చాక ఆయన నాన్నను కలిశారు. దసరా వెళ్లిన తర్వాతి ఆదివారం అందరిముందూ ఇంజిన్ తిప్పుతాననీ, ఆ నెలాఖరుకు విమానం తీసేస్తాననీ మాట ఇచ్చారు. నాన్న సరేనన్నాడు.

ఆ ముందు శుక్రవారం సాయంత్రం పెద్ద వాన వచ్చింది. షెడ్డు రేకుల మీద చప్పుడుకు నా చదువు వినిపించక మధ్యలో ఆపేశాం. నేను పుస్తకం కొంగు కింద దాచుకుని ఇంటికి పరుగెత్తాను. శనివారం పొద్దున ఆయన చివరి మూత బిగించబోతూ పలక చూశారు. ఆరంగుళాల స్టీలు స్కేలు లేదు. దాని మేకుకు బిళ్ల కూడా లేదు.

నన్ను అడిగారు. నాకు తెలియదన్నాను.

ఆదివారం ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఫోన్లు చేతుల్లో పట్టుకుని అందరూ వచ్చారు. తాతగారు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని విమానం ముందు నిలబడ్డారు.

"కానిద్దామా సార్జెంట్ గారూ, ఎండెక్కుతోంది," అన్నాడు నాన్న.

"ఇయ్యాల కాదు సార్."

"అదేంటండీ?"

"ఆరించుల స్కేలు కనవడ్తలేదు. లోపట వుందేమో."

"స్కేలా?" నాన్న నవ్వాడు. "ఇప్పుడే కొత్తది తెప్పిస్తానండీ. అల్వాల్ దాకా వెళ్లక్కర్లేదు, మూల మీద షాపులోనే దొరుకుద్ది."

"కొత్తది గోడకు వెడ్తం సార్. పాతది లోపట వుంటే?"

"ఇదేమన్నా గాల్లోకి లేస్తదా చెప్పండి? నేల మీదే కదా."

"పంకా తిరుగుతది గద సార్. మనుషులున్నరు."

వెనక నుంచి ఎవరో "ఇంజినే లేదు లోపట, గందుకే గీ స్కేలు కథ," అన్నారు. నవ్వులు. కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంటూ కూడా నవ్వారు. అవ్వ గుమ్మంలోంచి అరిచింది: "నవ్వుండ్రి, నవ్వుండ్రి. నా పెండ్లినాడు గూడ చెప్పులు లెక్కవెట్టిండు గీయన!" అది కూడా నవ్వులాటే అనుకున్నారు. ఆమె గొంతు ఎలా ఉందో నేను విన్నాను.

నెలాఖరుకు మూడు వారాలుంది. తాతగారు వెతకడం మొదలుపెట్టారు. మొదట సీట్లు తీశారు. తర్వాత కాక్‌పిట్ అడుగు పలకలు. మోకాళ్లు వంగవు కాబట్టి పక్కకు పడుకుని చేయి లోపలికి పెట్టి తడిమేవారు. నేను టార్చి పట్టుకునేదాన్ని. రెండేళ్లు పట్టి బిగించినవన్నీ ఒక్కొక్కటే విప్పారు. షెడ్డుకు వారం రోజులు తాళం వేయలేదు.

"ఎవరన్న మర్చిపోయి తీస్కపోతే, ఎవరు జూడకుండ తెచ్చి గోడకు తగిలిస్తరు," అన్నారు. "నేను అడగ. దొరికితే సాలు."

ఎనిమిదో రోజు తాళం వేశారు.

ఆయన కూతురు, అల్లుడు అల్వాల్‌లో ఉంటారు. అల్లుడు విమానం తీసుకెళ్లే లారీ కోసం కొలతలు తీసుకోవడానికి, వాన వచ్చిన ఆ శుక్రవారం పొద్దున ఒకసారి వచ్చాడు. తాతగారి అనుమానం అతని మీదికి పోయింది. "కొలవనీకి తీస్కున్నవా అల్లుడా? తీస్కుంటే చెప్పు, ఏమనుకోను," అని మూడుసార్లు ఫోన్ చేశారు. "నేను ముట్టలే మామా, టేపు నాదే తెచ్చుకున్న. ఎన్నిసార్లు చెప్పాలె?" అని అతను కోపంగా పెట్టేశాడు. ఆ తర్వాత మామా అల్లుళ్లు సరిగా మాట్లాడుకోలేదు. నాకు అతనంటే మొదటినుంచీ ఇష్టం లేదు. గట్టిగా మాట్లాడతాడు, విమానాన్ని డొక్కు అంటాడు.

మూడో వారంలో రెక్కలు విప్పారు. రెండో రెక్క దించుతుండగా తాతగారు కింద కూర్చుండిపోయారు. నుదుటి మీద చెమట. గుండె అన్నారు. పదహారు రోజులు ఆసుపత్రిలో ఉంచారు.

ఆ పదహారు రోజుల్లోనే నెలాఖరు వచ్చింది. నాన్న గడువు గుర్తుచేశాడు. అల్లుడు జీడిమెట్ల దుకాణానికి కబురు పెట్టాడు. క్రేను అవసరమే లేకపోయింది. ముక్కలు ముక్కలుగా విప్పి ఉన్న విమానాన్ని నలుగురు మనుషులు, ఒక లారీ, ఒక పూటలో ఎత్తేశారు. కాలనీవాళ్లు సాయం పట్టారు. అంత చురుగ్గా వాళ్లు ఏ పనికీ కదలడం నేను చూడలేదు. పదకొండు రివెట్ల అతుకు ఉన్న ముక్క చివర వెళ్లింది. నేను మా కిటికీలోంచి చూశాను. కిందికి దిగలేదు.

తాతగారు ఇంటికి వచ్చి ఆ ఖాళీ స్థలం చూశారు. నేల మీద నూనె మరకలు మాత్రం ఉన్నాయి. మర్నాడు నన్ను పిలిచి ఫోన్లో జీడిమెట్ల దుకాణం నంబరు నొక్కమన్నారు. ఆయన కళ్లకు అంకెలు ఆనవు.

"భాయ్, కోసేటప్పుడు లోపటికెళ్లి ఒక ఆరించుల స్కేలు పడ్డదా? స్టీలుది."

అవతలివాడు ఏదో అన్నాడు. తాతగారు కాసేపు విని, "అచ్ఛా, అచ్ఛా. పరేషాన్ గాకు. దొరికితే చెప్పు," అని ఫోన్ నా చేతికిచ్చారు. తర్వాత నావైపు తిరిగి, "తుక్కుల ఎవరు జూస్తరు, గంతే గదా," అన్నారు.

ఆ తర్వాత నాలుగు నెలలు బతికారు. శుక్లాల ఆపరేషన్ చేయించుకోలేదు. ఇక దేనికి అన్నారు. సాయంత్రాలు వరండాలో కూర్చునేవారు. విమానం వస్తే వేలు పైకి లేచేది. నేను పక్కన లేకపోయినా, ఏమీ చదవకపోయినా, వేలు లేచి అది దాటిపోయాక దిగేది. నన్ను చూస్తే అదే పలకరింపు: "ఏం సదువుతున్నవు బిడ్డా?" పేరు చెప్పేదాన్ని. తలూపేవారు. స్కేలు మాట మళ్లీ ఎత్తలేదు.

సంతాప సభలో నాన్న ఏడు నిమిషాలు మాట్లాడాడు. క్రమశిక్షణ అన్నాడు, దేశసేవ అన్నాడు. ఆ ఆదివారం నవ్వినవాళ్లు తలవంచుకుని విన్నారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఎవరో తమ పిల్లవాడు కాక్‌పిట్‌లో కూర్చున్న ఫొటో చూపించి, ఎంత మంచి మనిషో అన్నారు. నాకు వాళ్లందరి మీదా అసహ్యం వేసింది. ఆ మాటను మార్చడానికి నా దగ్గర మెత్తటి మాట లేదు. అల్లుడు మాత్రం వెనక నిలబడి, అందరూ వెళ్లాక కుర్చీలు సర్దాడు. వెళ్తూ వెళ్తూ అవ్వతో, "అత్తా, నేను నిజంగ తియ్యలే గా స్కేలు," అన్నాడు.

"ఇగ ఎందుకు బిడ్డా అది," అంది అవ్వ.

పదకొండో రోజు అయ్యాక అవ్వ నన్ను షెడ్డులోకి తీసుకెళ్లింది. పనిముట్లన్నీ ఎవరో మెకానిక్‌కు ఇచ్చేశారు. పలక మీద ఎర్ర గుర్తులు మాత్రం ఉన్నాయి. మూల మేకుకు రెండు బిళ్లలూ వేలాడుతున్నాయి. ఒకటోది అవ్వ తీసి కొంగున ముడి వేసుకుంది.

"గీ పలక నువ్వు తీస్కపో," అంది. "నీకే తెలుసు అది ఎట్ల జూడాల్నో."

ఇప్పుడు అది నా గదిలో, మంచం ఎదురుగా గోడకు ఉంది. ముప్పై నాలుగు గుర్తుల్లో ముప్పై మూడు ఖాళీ. ఆరంగుళాల స్కేలు మాత్రం దాని చోట ఉంది. వాన వచ్చిన ఆ శుక్రవారం నేను దాన్ని నా పుస్తకంలో పేజీ గుర్తుగా పెట్టుకున్నాను. అది నాకు కనిపించిన రోజుకు విమానం రెక్కలు ఇంకా విప్పలేదు, షెడ్డుకు ఇంకా తాళం వేయలేదు.